తెల్లవారితే ఎదురుపడేవాళ్ల నాటకం

పోయిన నెల మా ఊరి సంక్రాంతి సంబరాల కమిటీ సమావేశంలో ఒక కుర్రవాడు నన్నొక ప్రశ్న అడిగాడు. మూడు రాత్రుల కార్యక్రమాల్లో ఒక రాత్రి ఊరివాళ్ల నాటకానికి వదలాలని, అందుకు కావలసిన ఖర్చు చందాల్లోంచే ఇవ్వాలని నేను ప్రతిపాదించినప్పుడు అతను లేచి, "మనవాళ్లు వేస్తే ఎవరు చూస్తారు బాబాయ్? అదే డబ్బుకి పేరున్న పార్టీని తెప్పిస్తే నాలుగూళ్ల వాళ్లు వస్తారు కదండీ" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఇంజనీరింగు చదివి ఇంటి దగ్గర నుంచే ఉద్యోగం చేసుకుంటూ, సంబరాల లెక్కలు పైసాతో సహా రాసిపెట్టే పిల్లవాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "మన నాటకం మనం వేసుకోవాలి కదా నాయనా" అని మాత్రం అనగలిగాను. అది జవాబు కాదని ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలిసింది. అప్పటినుంచి ఆలోచించినదంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను నటుణ్ణి కాను. 1980 సంక్రాంతి మొదలుకొని 1996 సంక్రాంతి వరకు, పదిహేడేళ్లు, కోనసీమలో అంబాజీపేటకు దగ్గరలోని మా ఊరి నాటక సమాజంలో పుస్తకం పట్టుకున్నాను. పక్క తెర వెనక నిలబడి, మాట మరిచిన నటుడికి అందించడం నా పని. ప్రేక్షకుడు నటుణ్ణి ఎదురుగా చూస్తాడు. పుస్తకం పట్టినవాడు పక్కనుంచి చూస్తాడు. పద్యం ఎత్తుకునే ముందు మెడనరం ఎలా బిగుస్తుందో, ఆలాపన సాగుతుండగా తరువాతి పాదం గుర్తుకురాని మనిషి చెప్పులేని కాలి బొటనవేలు చెక్కబల్లమీద ఎలా రాస్తుందో నాకు కనిపించేది. ఆ వేలు కదిలిందంటే మాట అందించాలన్నమాట.

కురిడీ కొట్టులో రెండు నెలలు

మన నాటకరంగ చరిత్రను మనం ఎక్కువగా ఊరు వదిలి వెళ్లినవాళ్ల పేర్లతో చెప్పుకుంటాం. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అనగానే ఎస్వీ రంగారావు, అంజలీదేవి గుర్తుకొస్తారు. పాలకొల్లు నాటకాలంటే అల్లు రామలింగయ్య గుర్తుకొస్తారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు చిన్నతనంలో నాటకాల్లో వేషాలు వేశారని చెప్పుకొని సంతోషిస్తాం. వాళ్ల గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఈ లెక్క ప్రకారం ఊరి నాటకం సినిమాకో పదవికో ఎక్కే మెట్టు మాత్రమే అవుతుంది. ఆ మెట్టుమీదే జీవితమంతా నిలబడినవాళ్లకు అందులో చోటుండదు. నేను మాట్లాడేది వాళ్ల గురించి. మా సమాజంలో వేషం వేసినవాళ్లలో ఎవరూ మద్రాసు వెళ్లలేదు. పోస్టుమాన్, దర్జీ, కిరాణా కొట్టు ఆయన కొడుకు, ఇద్దరు రైతులు, కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే కార్మికుడు, హైస్కూలు డ్రిల్లు మాస్టారు. నాటకం నడిచినన్నాళ్లూ అందరూ ఊళ్లోనే ఉన్నారు.

కార్తీకమాసంలో మొదలుపెడితే సంక్రాంతి దాకా, రాత్రి భోజనాలయ్యాక, ఒక రైతుగారి కొబ్బరి కొట్టులో రిహార్సల్సు జరిగేవి. పైన అటకనిండా కురిడీకి, అంటే లోపలి నీళ్లింకి కొబ్బరి ఎండడానికి, పోసిన కాయలు, కింద ఒక మూల పీచు గుట్ట, మధ్యలో చాప, చాపమీద హార్మోనియం. పీచు వాసన, ఎండుతున్న కొబ్బరి వాసన కలిసి బట్టలకు పట్టేవి. నాటకం ఆడేది ఒక్క రాత్రి. ఈ కొట్టులో కూర్చునేది దాదాపు అరవై రాత్రులు. ఊరికి నాటకం చేసే మేలంతా ఆ అరవై రాత్రుల్లోనే జరుగుతుందని నా అభిప్రాయం. ఆ కుర్రవాడి ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు కూడా ఇదే. చూసేవాళ్ల సంఖ్యతో తూచితే పేరున్న పార్టీయే గెలుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ పార్టీ తన రిహార్సల్సును వెంట తెచ్చి మన ఊళ్లో వదిలి వెళ్లలేదు.

ఒక సంగతి చెబుతాను. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్ర వేసిన ఒక ఏడు హరిశ్చంద్రుడు మా ఊళ్లో పన్నెండెకరాల ఆసామి. విశ్వామిత్రుడు ఆయన చేనునే కౌలుకు చేసే రైతు. ఆ ఏడు పంట దెబ్బతిని, ఆ రైతు ఆసామికి శిస్తు బాకీ పడి ఉన్నాడు. నాటకంలో మాత్రం బాకీదారు హరిశ్చంద్రుడు, నిలదీసి అడగవలసినవాడు విశ్వామిత్రుడు. మొదటి వారమంతా ఆ రైతుకు గొంతు లేవలేదు. పద్యం వచ్చు, రాగం వచ్చు, కానీ ఆసామి ముఖం చూడగానే మాట నేలమీదకు పడిపోయేది. మాస్టారు విసుక్కున్నారు, వేషం మార్చేద్దామన్నారు. అప్పుడు ఆసామే చాపమీంచి లేచి, అతని ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, "ఇక్కడ బాకీ నాదయ్యా. గట్టిగా అడుగు" అన్నాడు. కొట్టులో ఎవ్వరూ నవ్వలేదు. ఆ రాత్రి అతను అడిగిన తీరుకు కిటికీ బయట నిలబడి వింటున్న ఆడవాళ్లు కూడా సద్దు చేయలేదు.

శిస్తు ఒక్క బస్తా కూడా తగ్గలేదని స్పష్టంగా చెప్పాలి. నాటకం వల్ల ఆసామి దాత అయిపోలేదు. అయితే అంతకుముందు ఆ రైతు ఆయన ఇంటికి వెళితే గుమ్మం కింద నిలబడే మాట్లాడేవాడు. ఆ సంక్రాంతి తరువాత అరుగుమీద కూర్చుని మాట్లాడటం నేను చూశాను. మళ్లీ ఏడు శిస్తు గురించి మాట పెరిగినప్పుడు కూడా కూర్చునే మాట్లాడాడు. ఇది చిన్న విషయమని అనుకునేవాళ్లు పల్లెటూళ్లో అరుగు ఎంత ఎత్తుంటుందో తెలియనివాళ్లు.

అద్దె కృష్ణుళ్లు, ఊరి సుబ్బిశెట్టి

కాంట్రాక్టు నాటకాలంటే నాకు చిన్నచూపు లేదు. ఒకే వేషాన్ని సీనుకొకరు చొప్పున పంచుకుని, ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అంటూ వేర్వేరు ఊళ్లనుంచి వచ్చిన నటులు, ఆ పూట వేదిక దగ్గరే ఒకరినొకరు కలుసుకొని, రిహార్సలు లేకుండా ఎత్తుకుంటే తెల్లారేదాకా జనం కదలరు. అది మామూలు విద్య కాదు. పాండవోద్యోగంలో కృష్ణుడి పడకసీను పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో ఒకరిది యండగండి, మరొకరిది కడియం. మన డెల్టా నీళ్లు తాగినవాళ్ల పద్యాలను అంత గొప్పగా పాడేవాళ్లు మన గౌరవానికి అన్ని విధాలా అర్హులు. పైగా బయటి పార్టీ రాకపోతే ఊరి నాటకమే పుట్టకపోవచ్చు. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరానికి వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్లిన తరువాతే కదా, కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థులతో తెలుగు నాటకం వేయించారు! ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్న మనం, ఆ కథలోని రెండో సగాన్ని మరిచిపోకూడదు. వచ్చినవాళ్ల ప్రదర్శన చూసి ఆయన ఊరుకోలేదు, మళ్లీ ఏడు మళ్లీ వాళ్లనే పిలిపించలేదు. తన బళ్లోని పిల్లల్ని నిలబెట్టారు.

బయటివాళ్లకూ ఊరివాళ్లకూ ఉన్న తేడా నాకు బాగా అర్థమైంది చింతామణి విషయంలో. కాళ్లకూరి నారాయణరావు గారు పశ్చిమ గోదావరిలోని మత్స్యపురిలో పుట్టారు. వేశ్యాలోలత వల్ల కూలిపోయే కాపురాలను చూపించడానికి ఆ నాటకం రాశారు. తరువాత ఊరూరా ఆడుతూ ఆడుతూ సుబ్బిశెట్టి పాత్రకు ఎన్నెన్నో చేర్పులు వచ్చి చేరాయి. ఆ పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చాలాకాలంగా బాధపడటం, 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నాటకాన్ని నిషేధించడం అందరికీ తెలిసినవే. నిషేధం మంచిదా కాదా అన్న చర్చలోకి నేను వెళ్లను. అవమానం జరిగిందన్నవారి బాధ నిజమైనదని మాత్రం నమ్ముతాను.

మేమూ చింతామణి రెండుసార్లు వేశాం. సుబ్బిశెట్టి వేషం దర్జీది. అతను క్యాసెట్లలో విన్న కాంట్రాక్టు నాటకాల హాస్యమంతా ఒక రాత్రి రిహార్సల్సులో గుప్పించాడు. మేమందరం నవ్వాం. భవానీశంకరం వేషం వేస్తున్న కిరాణా కొట్టాయన కొడుకు ఏమీ అనలేదు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్లి, కొట్టు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దర్జీ ఆ ఖాళీ చోటువైపు రెండుసార్లు చూశాడు. మర్నాటి రాత్రి వచ్చినప్పుడు ఆ మాటలేవీ అతని నోట రాలేదు. ఎవరూ పంచాయితీ పెట్టలేదు, ఎవరూ క్షమాపణ అడగలేదు. దర్జీ పొద్దున్నే ఆ కొట్లోనే పంచదార కొనుక్కోవాలి, అతని మిషను మీద కుట్టిన చొక్కానే ఆ అబ్బాయి వేసుకోవాలి. రాత్రికి రాత్రే బస్సెక్కి వెళ్లిపోయే నటుడికి ఈ బాధ్యత ఉండదు. ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు. తెల్లవారితే ఎదురుపడేవాళ్లు ఒకరి గురించి ఒకరు ఆడే మాటకు సహజంగానే ఒక హద్దు ఏర్పడుతుంది. చట్టం ఆ పని చేయబోతే మొత్తం నాటకాన్నే మూసివేయవలసి వస్తుంది.

మడిచిన పేజీ

ఇంతవరకు రాసి, రెండు రోజులు ఆగిపోయాను. తెల్లవారితే ఎదురుపడాలన్న భయం నోరు జారకుండా ఆపినట్టే, నిజం చెప్పకుండా కూడా ఆపుతుంది. ఇది నాకు అనుభవమే కాబట్టి దాచడం తప్పు.

ఒక ఏడు పద్యనాటకానికి ముందు డ్రిల్లు మాస్టారు రాసిన చిన్న సాంఘిక నాటిక వేశాం. అందులో వడ్డీ వ్యాపారి పాత్ర ఒకటి ఉంది. ఒక ముసలామె పుస్తెలతాడు తాకట్టుకు తీసుకుంటూ, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, తరువాత అంకెలు వేసుకునే సన్నివేశం. ఆ పని చేసే పెద్దమనిషి ఊళ్లో ఉన్నాడు, పందిరికి వెదుళ్లు ఇచ్చింది కూడా ఆయనే. ప్రదర్శన రోజు సాయంత్రం ఒకరు వచ్చి, ఆ సన్నివేశం తీసేస్తే బాగుంటుందని మాస్టారి చెవిలో చెప్పారు. మాస్టారు నా దగ్గరకు వచ్చి, కళ్లెత్తకుండా, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా వదిలేయాలో వేలితో చూపించారు. నేను ఆ పేజీని మడిచాను. రాత్రి నాటిక ఆ ముక్క లేకుండానే నడిచింది. చప్పట్లు కూడా కొట్టారు.

మర్నాడు పొద్దున్న చేపల బుట్ట దించుకుంటూ ఒక ముసలమ్మ నన్ను ఆపింది. "నువ్వే గదా పుస్తకం అట్టుకుని నించున్నావు. ఆ ఏలిముద్ర మాటలు ఎందుకు అందించలేదురా అబ్బాయ్?" అంది. ఆ మాటలు నీకెలా తెలుసమ్మా అని అడిగాను. నెలన్నర నుంచి కొట్టు కిటికీ దగ్గర నిలబడి వింటున్నామని, తనకే కాదు, పేటలో అందరికీ నోటికి వచ్చని చెప్పింది. అక్కడికక్కడే ఆ సన్నివేశం రెండు గొంతుల్లోనూ అప్పజెప్పింది.

ఈ సంగతిని నా వాదానికి అనుకూలంగా వాడుకోవచ్చు. వేదిక మీద కోసేసిన మాట రిహార్సల్సు ద్వారా అప్పటికే ఊరికి చేరిపోయిందని చెప్పవచ్చు, అది నిజమే. కానీ ఆమె నన్ను మెచ్చుకోవడానికి ఆపలేదు. నిలదీయడానికి ఆపింది. బయటి పార్టీ అయితే ఆ సన్నివేశం ఆడేసి వెళ్లిపోయేదేమో. వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి దళాలు ఊళ్లకు వచ్చి భూస్వాముల గురించి బాహాటంగా ఆడగలిగినప్పుడు, ఆ ధైర్యంలో సిద్ధాంతంతో పాటు ఆ ఊరివాళ్లు కాకపోవడం కూడా కొంత ఉండి ఉంటుంది. కనుక ఊరి నాటకం ఒక్కటే చాలునని నేను అనలేను. మూడు రాత్రుల్లో ఒకటి మాత్రమే అడగడానికి ఇదీ ఒక కారణం.

వీరబాహుడి గొంతు

ఇంతకంటే బరువైన విషయం ఇంకొకటి ఉంది. మా సమాజం ఊరందరిదీ అని మేము చెప్పుకునేవాళ్లం. ఆడవాళ్లకు మాత్రం కిటికీ బయటే చోటు. చంద్రమతి వేషానికి పట్నం నుంచి నటిని పిలిపించేవాళ్లం. ఒక ఏడు ఆమె ముఖానికి రంగు వేసుకుని చీర మార్చుకోవడానికి గది అడిగితే మూడిళ్లవాళ్లు ఏదో ఒక సాకు చెప్పారు. చివరికి మా అమ్మ తన వంటగది ఖాళీ చేసి ఇచ్చింది. అదే రాత్రి కాటి సీనులో చంద్రమతి బిడ్డను పట్టుకుని ఏడుస్తుంటే, గది లేదన్న ఇళ్ల ఆడవాళ్లు పమిటతో కళ్లు ఒత్తుకోవడం నేను పక్క తెర సందులోంచి చూశాను.

ఇక వీరబాహుడు. తొమ్మిదేళ్లు ఆ వేషం పేట నుంచి, అంటే దళితవాడ నుంచి, వచ్చే దింపు కార్మికుడే వేశాడు. కాటికాపరి యజమాని వేషానికి పేట మనిషే సరిపోతాడని ఎవరూ పైకి అనలేదు, అనవలసిన అవసరం కూడా ఎవరికీ కలగలేదు. ఒక రాత్రి హరిశ్చంద్రుడికి జ్వరం వచ్చింది. రిహార్సలు ఆగకూడదని మాస్టారు, "కాటి సీను పద్యాలు నువ్వు అందుకో" అని అతనికి చెప్పారు. ఆ సీనులో మన నటులందరూ పాడే శ్మశానవాటి పద్యాలు గుర్రం జాషువా గారివని వేరే చెప్పనక్కరలేదు. అతను పాడాడు. హార్మోనియం ఆయన మధ్యలో ఒకచోట వాయించడం ఆపి, ఒట్టి శ్రుతి మాత్రం పట్టి ఉంచారు. చెట్టెక్కి దిగే మనిషి ఊపిరి అది. పాదం చివర ఎక్కడా తెగలేదు. పూర్తయ్యాక కాసేపు ఎవరికీ ఏమనాలో తెలియలేదు.

మళ్లీ ఏడు పాత్రలు పంచుకునేటప్పుడు అతన్ని హరిశ్చంద్రుడుగా వేయిద్దామని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. పుస్తకం నా చేతిలోనే ఉంది, పాత్రల పేర్ల ఎదురుగా మనుషుల పేర్లు రాసింది నేనే. అంటరానితనాన్ని అనుభవించిన కవి పద్యాలకు వన్స్‌మోర్‌లు కొట్టిన మేము, ఆ పద్యాలను అందరికంటే బాగా పాడిన మనిషికి ఆ వేషం ఇవ్వలేదు. నాటకం అందరినీ ఒక్కటి చేస్తుందనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ జాబితా గుర్తుకొస్తుంది. అయినా నాటకం కావాలనే ఎందుకు అంటున్నానంటే, మా లోపం నా కళ్లకు కనబడిన చోటు కూడా ఆ కొట్టే. పొలంలో, చెరువుగట్టున, పంచాయతీ అరుగుమీద అదే లోపం రోజూ ఉండేది. అక్కడ దాన్ని లోపమని గుర్తించేంతసేపు ఎవరమూ ఎదురెదురుగా కూర్చోలేదు.

1996 నవంబరు 6 తుపానుతో మా నాటకం ఆగిపోయింది. కొట్టు కప్పు లేచిపోయింది, పెట్టెలోని తెరలు, కిరీటాలు నానిపోయాయి. అసలు దెబ్బ అది కాదు. కూలిన కొబ్బరితోటలు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. ఆలోగా కొందరు గల్ఫు దేశాలకు, కొందరు హైదరాబాదుకు వెళ్లిపోయారు. అరవై రాత్రులు వరసగా ఊళ్లో ఉండే పదిమంది దొరకలేదు. టీవీ వల్ల నాటకం పోయిందని అందరూ అంటారు కానీ, మా ఊరి వరకు నేను చూసిన కారణం ఇది.

2022 మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టే విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగి, ఇంటర్నెట్ ఆపేసిన రోజుల్లో మా ఊళ్లో ఏమీ జరగలేదు. అంటే, రాళ్లు పడలేదు. కానీ జనం ఎవరి వీధి అరుగుమీద వాళ్లు కూర్చున్నారు. ఒక వీధివాళ్లు ఇంకో వీధికి వెళ్లి మాట్లాడటానికి ఒక పని లేదు, ఒక సాకు లేదు. నాటకం ఉండి ఉంటే ఆ దూరం ఉండేది కాదని నేను చెప్పను, అలా చెప్పడం ఆ రోజుల బాధను చిన్నది చేయడమే. రోజూ రాత్రి తప్పనిసరిగా కలుసుకోవలసిన ఒక పని ఊళ్లో ఏదీ మిగల్లేదని మాత్రం ఆ వారంలో నాకు స్పష్టంగా తెలిసింది.

భోగి రాత్రి

ఇదంతా ఆ కుర్రవాడికి వాళ్లింటికి వెళ్లి చెప్పాను. అతను విని, "అయితే జనం తక్కువ వచ్చినా ఫరవాలేదంటారా?" అని అడిగాడు. ఫరవాలేదన్నాను. ఆ ముక్క కమిటీకి ముందే చెప్పాలని, తరువాత నిరాశపడకూడదని అన్నాడు. చెప్పాం. భోగి రాత్రి మాకిచ్చారు. రిహార్సల్సుకు హైస్కూలు గది అడిగాం. అంగన్‌వాడీలో పనిచేసే ఒకామె చంద్రమతి వేషానికి తనంతట తానే పేరిచ్చింది. అరవై రాత్రులు మాత్రం ఇప్పుడు ఎవరికీ కుదరవు. వారానికి మూడు రాత్రులని మాట్లాడుకున్నాం. ఆ ఇరవై ఐదు రాత్రుల్లో అరవై రాత్రుల పని జరుగుతుందా అన్న సందేహం నాకు ఉంది.

మొన్న ఆదివారం ఆ కుర్రవాడి బండిమీదే పేటకు వెళ్లాను. దింపు మానేసి చాలా ఏళ్లయిందట, మోకాళ్లు పట్టేశాయట. నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. మళ్లీ హరిశ్చంద్ర వేస్తున్నామని చెప్పగానే ఆయన, "ఏ పాత్రకండీ నన్ను అడుగుతున్నారు?" అన్నారు. హరిశ్చంద్రుడికి అన్నాను. "పద్యాలు నేర్పడానికా అండీ, వెయ్యడానికా?"

వెయ్యడానికే అన్నాను. కాంట్రాక్టు నాటకాల్లో ముగ్గురు కృష్ణులు ఉన్నట్టు మనకూ ఇద్దరు హరిశ్చంద్రులు ఉండవచ్చని, కాటి సీను ఒక్కటీ ఆయన వేస్తే చాలునని చెప్పాను. ఆ జాబితా రాసింది నేనేనని కూడా చెప్పాను. ఆయన దానికి ఏమీ అనలేదు. కాసేపు మోకాలు నిమురుకుని, హార్మోనియం ఎవరని అడిగారు. పక్క ఊరి ఆయన అన్నాను.

"అప్పట్లో నాలుగు శ్రుతిలో పాడేవాణ్ణండి. ఇప్పుడు రెండు దాటితే గొంతు అందదు. ఆ హార్మోనీ ఆయనకి ముందే చెప్పండి."